లిస్బన్ కొండల మీద అద్దె ఇల్లు: మ్యాపు చెప్పని లెక్కలు

లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను నాలుగు రోజులు ఎక్కడికైనా తిప్పుకొద్దామనుకున్నప్పుడు తరచుగా తలుచుకునే ఊళ్లలో పోర్చుగల్ రాజధాని లిస్బన్ ఒకటి. హోటల్లో రెండు గదులు తీసుకునే బదులు వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే అన్నం, చారు చేసుకోవచ్చు. అది పాత నగరం నడిబొడ్డున ఉంటే ట్యాక్సీల ఖర్చు లేకుండా అన్నీ నడిచే చూడవచ్చు. ఆలోచన సబబైనదే. అయితే బుకింగ్ సైట్లు ధారాళంగా వాడే ‘అన్నిటికీ నడక దూరం’ అన్న మాట లిస్బన్‌లో ఎంతవరకు నిజమన్నది రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఇల్లు ఎంత ఎత్తున ఉందన్నది మొదటిది. ఆ వీధిలో ఇంకా ఊరివాళ్లు కాపురం ఉంటున్నారా అన్నది రెండోది. మొదటిది వెళ్లిన రోజునే మోకాళ్లకు తెలిసిపోతుంది. రెండో సంగతి చాలామంది అడగనే అడగరు. నా దృష్టిలో అసలు ముఖ్యమైనది అదే.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. దిగువ నగరమైన బైషాలోని ఫిగైరా చౌరస్తాకూ, పైనున్న సావ్ జోర్జ్ కోటకూ మధ్య మ్యాపు మీద గీత గీస్తే అర కిలోమీటరు కూడా రాదు. కానీ కోట దాదాపు 100 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఆ కాస్త దూరంలోనే ముప్పై అంతస్తుల మేడ ఎక్కినంత పని. కోటకూ నదికీ మధ్య వాలు మీద ఉన్న అల్ఫామా పేటలో ఇల్లు తీసుకుంటే పొద్దున చూడటానికి దిగినవన్నీ సాయంత్రం తిరిగి ఎక్కవలసినవే. పైగా అల్ఫామా, బైరు ఆల్తు వంటి పేటల్లోకి బయటి వాహనాల రాకపోకలపై ఆంక్షలున్నాయి. సందుల మొదట్లో నేలలోంచి లేచే ఇనుప గుంజలు కాపలా కాస్తుంటాయి. ట్యాక్సీ కింద ఫాదో సంగీత మ్యూజియం దగ్గర దింపేస్తే పెట్టెలు మెట్ల మీదుగా మోసుకుపోవాలి. కాలిబాటలన్నీ చిన్నచిన్న సున్నపురాయి ముక్కలతో పరిచినవి. ఏళ్ల తరబడి నడకకు అవి నునుపు తేలి, నవంబరు నుంచి కురిసే వానల్లో నూనె రాసినట్టు జారతాయి. రివ్యూల్లో ‘అద్భుతమైన దృశ్యం’ అని రాసి ఉందంటే ఆ దృశ్యం కోసం ఎన్ని మెట్లు ఎక్కాలో ఇంటివాళ్లను అడిగి తెలుసుకోవడం మేలు.

వీధి ఎక్కాక ఇల్లు ఎక్కాలి. 1755 నవంబరు 1 నాటి భూకంపం బైషాను నేలమట్టం చేశాక, అప్పటి మంత్రి మార్కిస్ ద పొంబాల్ హయాంలో దాన్ని గళ్ల నుడికట్టులా సమంగా తిరిగి కట్టారు. గోడల లోపల చెక్కతో పంజరంలా అల్లిన చట్రం, మళ్లీ భూమి కంపించినా కూలకుండా ఉండటానికి వేసిన ఉపాయం. నిర్మాణ చరిత్రలో దానికి గొప్ప పేరే ఉంది. వీధి చదునుగా ఉంటుంది కనుక పెద్దవాళ్లకు బైషా అనువైనదే అనిపిస్తుంది. అయితే ఆ భవనాల్లో చాలావాటికి లిఫ్టు లేదు, కప్పులు ఎత్తు. చిరునామాలో అంకె, దాని పక్కన ‘ఎస్క్’ అనో ‘ద్తో’ అనో పొట్టి అక్షరాలు ఉంటాయి. అంకె అంతస్తును, అక్షరాలు ఎడమ వాటానా కుడి వాటానా అన్నదాన్ని చెబుతాయి. గ్రౌండ్ ఫ్లోర్‌ను లెక్కలో వేయరు కాబట్టి 4 అని ఉంటే నిఖార్సుగా నాలుగు అంతస్తుల మెట్లే. చెక్క నేలలు కావడంతో పై వాటాలోని అతిథులు తెల్లవారుజామున విమానానికి పెట్టెలు ఈడ్చుకుపోతుంటే ఆ చప్పుడు కింద మంచం దాకా వినిపిస్తుంది. చలికాలంలో ఇంకో ఇబ్బంది: పాత ఇళ్లలో హీటింగ్ ఏర్పాటు అంతంతమాత్రం, బయటికన్నా లోపలే చలి ఎక్కువనిపించే రోజులుంటాయి.

ఊరివాళ్లకు ఈ ఎత్తులతో వేగడం తెలుసు. ఫాంకైరుష్ వీధిలోని ఒక మామూలు భవనంలో లిఫ్టు ఎక్కి, పైన కొద్దిగా నడిచి, సూపర్‌మార్కెట్ ఉన్న మరో భవనం లిఫ్టు పట్టుకుంటే కోట దగ్గరికి పైసా ఖర్చు లేకుండా చేరుకోవచ్చు. బైషా-షియాదు మెట్రో స్టేషన్ ఎస్కలేటర్లను టికెట్టు లేకుండానే వాడుకుని కింది వీధి నుంచి పై చౌకు చేరేవాళ్లు రోజూ ఎందరో. పేరుమోసిన 28వ నంబరు ట్రామును మాత్రం లెక్కలో వేసుకోకపోవడమే మంచిది. పర్యాటకులతో కిక్కిరిసి, జేబుదొంగలకు ఆటస్థలంగా మారింది. 2025 సెప్టెంబరు 3న, వాలు వీధిలో మనుషులను పైకి చేర్చే గ్లోరియా కేబుల్ బండి పట్టాలు తప్పి 16 మంది మరణించాక మిగతా కేబుల్ బండ్లను కూడా ఆపారు. బండి పక్కనే ఉందన్న భరోసాతో ఇల్లు తీసుకునేవారు అది నడుస్తోందో లేదో ముందే కనుక్కోవాలి.

ఇక కాపురాల సంగతి. ఏ పేటైనా నడకకు అనువుగా ఎందుకుంటుంది? మలుపు తిరగ్గానే రొట్టెల కొట్టు, మందుల షాపు, కూరగాయలు, కాఫీ దొరుకుతాయి గనుక. అవి అక్కడ ఉన్నది అక్కడ కాపురమున్నవాళ్ల కోసం. మూడు రాత్రులుండి పోయే అతిథి నెలసరి సరుకులు కొనడు, చెప్పులు కుట్టించుకోడు. అందువల్ల కాపురాలు తగ్గిన వీధిలో కిరాణా కొట్టు పోయి, దాని చోట ఫ్రిజ్ అయస్కాంతాలూ కార్క్ సంచులూ అమ్మే దుకాణం వస్తుంది. నడక సౌకర్యం చూసుకుని వచ్చిన అద్దె వ్యాపారమే ఆ సౌకర్యాన్ని హరిస్తోందన్న మాట. మొరారియా అనే మరో పాత పేటలోని ఒక సందులో అక్కడి ముసలివాళ్ల ఫొటోలను గోడల మీద ముద్రించారు. వారి ఇరుగుపొరుగు ఇళ్లలో దిగిన అతిథులు ఆ ఫొటోలకు ఫొటోలు తీసుకుంటుంటారు.

దీనికంతటికీ అతిథులకు ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సైటే కారణమనడం న్యాయం కాదు. 1981లో 8 లక్షలు దాటిన లిస్బన్ జనాభా 2021 జనగణనకు 5.45 లక్షలకు పడిపోయింది. ఆ పతనంలో అధికభాగం ఈ వ్యాపారం రాక ముందు జరిగినదే. దశాబ్దాల పాటు కదలని అద్దెలతో యజమానులు మరమ్మతులు మానేస్తే పాత ఇళ్లు శిథిలావస్థకు చేరాయి, పర్యాటకుల డబ్బుతోనే వాటిలో అనేకం బాగుపడ్డాయి. 2011 నాటి ఆర్థిక సంక్షోభంలో అప్పు తీసుకున్న ప్రభుత్వం 2012లో అద్దె చట్టాన్ని సడలించడం, 2014లో ‘అలోజమెంతు లోకల్’ పేరిట స్వల్పకాలిక అద్దెలకు సులువైన రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టడం వెంటవెంటనే జరిగాయి. ఖాళీ ఇళ్లకు ఊపిరి పోసిన ఆ ద్వారం గుండానే కాపురమున్నవాళ్లు ఖాళీ చేయవలసిన పరిస్థితీ వచ్చింది. 2018లో అల్ఫామా, మొరారియా, బైరు ఆల్తు వంటి చోట్ల నగరపాలక సంస్థ కొత్త రిజిస్ట్రేషన్లు నిలిపివేసింది. 2023లో జాతీయ చట్టం దాదాపు దేశమంతటా కొత్త అపార్ట్‌మెంటు అనుమతులను ఆపితే, 2024లో మరో ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసి నిర్ణయాధికారాన్ని మునిసిపాలిటీలకు వదిలింది. నివాస భవనాల్లో ఈ స్వల్పకాలిక అద్దెలు అసలే ఉండరాదంటూ పౌరులు సంతకాలు సేకరించి కోరిన ప్రజాభిప్రాయ సేకరణను 2025 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం తోసిపుచ్చింది.

చట్టాలు ఇలా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు అతిథి చేతిలో ఉన్నది ఎంపిక ఒక్కటే. ప్రకటనలో అంకెల వెనుక ‘/ఏఎల్’ (అలోజమెంతు లోకల్‌కు పొట్టి రూపం) అని ఉండే రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. పర్యాటక శాఖ జాబితాలో దాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇంట్లో మంటలార్పే సిలిండరు, అగ్నినిరోధక దుప్పటి, ప్రథమ చికిత్స పెట్టె, కంటికి కనిపించేలా అత్యవసర సహాయపు 112 నంబరు, ఫిర్యాదుల పుస్తకం తప్పనిసరి. రిజిస్ట్రేషన్‌లో రకాలున్నాయన్నది ఎక్కువమంది గమనించరు. యజమాని తాను నివసించే ఇంట్లోనే మూడు గదుల వరకు అద్దెకిచ్చుకునే ‘క్వార్తుష్’ అనే రకం ఉంది. పాత పేటలోనే ఉండాలన్న కోరిక ఉన్న దంపతులకు నేను మొదట సూచించేది అదే: కాపురం పోదు, కొట్టు ఎక్కడుందో చెప్పే మనిషీ ఉంటుంది.

పెద్దవాళ్లతో కుటుంబమంతా వారం రోజులు ఉండి వండుకోవాలనుకుంటే, పాత నగరాన్ని పగలు చూసి రాత్రి మరోచోట పడుకోవడం నయం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రూపుదిద్దుకున్న కాంపో ద ఔరీక్ పేట కొండ మీదే ఉన్నా, ఎక్కాక అంతా చదునే; మధ్యలో 1934 నాటి మార్కెట్, చుట్టూ మామూలు జనం కొనుక్కునే కొట్లు. మెట్రో లేకపోవడం దాని లోటు. అవెనీదాస్ నోవాస్ అనే మరో పేటలో మెట్రో ఉంది, లిఫ్టులున్న భవనాలు ఎక్కువ, అందం తక్కువ. అందరూ ఇలా తరలిపోతే అద్దెల భారం ఆ పేటల మీద పడదా అన్న ప్రశ్న సమంజసమైనదే, పడుతుంది. అందుకే మూడు నాలుగు రాత్రులకు, ఇద్దరు ముగ్గురు మనుషులకు మొత్తం అపార్ట్‌మెంటు తీసుకోవడంలో నాకు అర్థం కనిపించదు, చిన్న గెస్ట్‌హౌస్ చాలు. ఎక్కడ దిగినా 13 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ రాత్రికి 4 యూరోల చొప్పున ఏడు రాత్రుల దాకా నగర పన్ను ఎలాగూ తప్పదు. ఇల్లే కావాలనుకునే కుటుంబం పొయ్యి ఏ రకమో కూడా అడగాలి. ఇండక్షన్ పొయ్యి మీద ఇంటి నుంచి తెచ్చిన మామూలు అల్యూమినియం కుక్కరు వేడెక్కదు.