నేస్తం అనే మాట చాలని చోట

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం కాలేజీలు వదిలే వేళ ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు చేతిలో చెయ్యి వేసుకుని నడిచిపోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఒకరి జడ ఒకరు సరిచేసినా, మూర మల్లెలు తుంచి చెరిసగం పెట్టుకున్నా, ఆమదాలవలస బస్సులో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయినా అడిగేవారు లేరు. అదే ఒక అబ్బాయి పక్కన అయిదు నిమిషాలు నిలబడితే, ఆ అమ్మాయి కంటే ముందే కబురు ఇల్లు చేరుతుంది. మన ఊళ్లలో ఆడపిల్ల చుట్టూ ఉన్న కాపలా అంతా మగపిల్లవాడి వైపే చూస్తుంది. అది చూడని వైపున కొందరు అమ్మాయిల బతుకులో అతి పెద్ద సంగతి నిశ్శబ్దంగా జరిగిపోతుంది. అదేమిటో చెప్పుకోవడానికి ఆ అమ్మాయి దగ్గర కూడా మాట ఉండదు.

విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను కొన్నేళ్లు తెలుగు చెప్పాను. ఒక ఏడాది హాస్టల్లో ద్వితీయ సంవత్సరం అమ్మాయి రికార్డు పుస్తకంలో ఒక ఉత్తరం దొరికింది. సిరిమాను పండుగ సెలవులకు ఊరెళ్లిన తన గదిలోని అమ్మాయికి రాసింది. నాలుగు పేజీలు. నువ్వు వెళ్లినప్పటి నుంచి మెస్సులో నీ చోట ఎవరినీ కూర్చోనివ్వలేదని, రాత్రి నీ గళ్ల దుప్పటి కప్పుకుంటే గానీ నిద్ర పట్టడం లేదని, ఇది జ్వరం కాదని తనకు తెలుసని రాసింది. తెలుగు టీచరును కాబట్టి ఆ ఉత్తరంలో 'అర్థమేమిటో' చెప్పమని నన్ను పిలిచారు. నేను నోరు తెరవకముందే అక్కడున్న అందరికీ అర్థం తెలిసిపోయింది. ఇద్దరినీ వేర్వేరు గదులకు మార్చారు. తండ్రులకు ఫోన్లు వెళ్లాయి. వాళ్లు వచ్చేలోపు ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగింది: "మేడమ్, ఇది తప్పే అనుకోండి. దీని పేరేమిటి?"

చదువు మీద దృష్టి పెట్టమ్మా అన్నాను. అప్పటికి ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. నా దగ్గర ఆమెకు ఇవ్వగలిగిన మాట లేదు.

మన పత్రికలకు తెలిసిన మాట ఒకటే, స్వలింగ సంపర్కం. పదహారేళ్ల పిల్ల తన లోపల జరుగుతున్నదానికి పేరు వెతుక్కుంటూ వెళ్లి ఈ మాట చూస్తే ఏమనుకుంటుంది? ఆమెకు జరిగింది సంపర్కం కాదు. ఒక మనిషి లేకపోతే మెస్సులో అన్నం సహించకపోవడం, ఆ మనిషి వస్తే తెల్లవారేదాకా కబుర్లు తరగకపోవడం. అబ్బాయికీ అమ్మాయికీ మధ్య ఇలా ఉంటే ప్రేమ అని, అనురాగమని, వలపు అని, తెలుగులో మాటలకు కరువే లేదు. ఇద్దరమ్మాయిల మధ్యకు వచ్చేసరికి భాష మనసును వదిలేసి నేరుగా శరీరం మీదికి దూకుతుంది. పెద్ద కోర్టు తీర్పుల వార్తల్లోనూ అదే మాట, ఇంటి నుంచి వెళ్లిపోయిన ఇద్దరు యువతుల వార్తలోనూ అదే మాట. తమిళంలో వాడుకలోకి వచ్చిన 'తన్‌పాలీర్పు' అనే మాటలో ఈర్పు అంటే ఆకర్షణ. మద్రాసు హైకోర్టు చొరవతో తమిళనాడు ప్రభుత్వం 2022లో ఈ మనుషులను గౌరవంగా ఏ మాటలతో ప్రస్తావించాలో చెప్పే పదకోశాన్ని గెజిట్‌లో ప్రచురించింది. మనం ఇంకా సంపర్కం దగ్గరే ఉన్నాం.

ఆ ఉత్తరాన్ని ఇప్పుడు తలచుకుంటే ఒక సంగతి కనిపిస్తుంది. 'నేను ఫలానా రకం మనిషిని' అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆమె దుప్పటి, ఆమె నవ్వు, పలాస నుంచి వాళ్ల నాన్న తెచ్చే జీడిపప్పు పొట్లంలో తన వాటా. తొలిప్రేమ అలాగే వస్తుంది. తన గురించిన ఎరుక ఆ తరువాత, వెనక్కి నడుస్తూ వస్తుంది. ఎనిమిదో తరగతిలో మరో స్నేహితురాలు బడి మారినప్పుడు వారం రోజులు ఎందుకు ఏడ్చిందో, హాస్టల్లో అందరూ హీరోల గురించి మాట్లాడుకుంటుంటే తనకు ఎందుకు విసుగనిపించిందో, పెళ్లి మాట ఎత్తితే గొంతు ఎందుకు పట్టేసేదో ఒక్కొక్కటిగా అతుకుతాయి. ఆ క్షణంలో ఆమెకు భయంతో పాటు ఒక ఊరట కూడా కలుగుతుందని నా నమ్మకం. ఇన్నాళ్ల చిక్కుముడికి కొస దొరికిన ఊరట. మన ఇళ్లూ మన కాలేజీలూ ఆ ఊరటను ఒక పూట కూడా మిగలనివ్వవు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో నేస్తం కట్టుకునే ఆచారం ఉంది. ఇద్దరు ఆడపిల్లలు నేస్తం కట్టుకుంటే ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకుంటారు, పండగలకు బట్టలు పెట్టుకుంటారు, రెండిళ్లూ చుట్టాలవుతాయి. పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు వెళ్లినా ఆ బంధం తెగదు. ఆడవాళ్ల మధ్య బంధానికి ఇంత మర్యాద ఇచ్చిన నేల ఇది. నేస్తరికాలన్నీ ప్రేమలేనని నేను అనడం లేదు. అలా అంటే స్నేహానికి అన్యాయం చేసినట్టే. కానీ ఆ మాట నీడలో కొన్ని ప్రేమలు కూడా బతికి ఉంటాయి, పేరు పెట్టుకోలేదు కాబట్టే బతికి ఉంటాయి. ఉత్తరం రాసిన అమ్మాయికి నేస్తం అనే మాట చాలలేదు. తనది అంతకంటే వేరని ఆమెకు తెలుసు. నన్ను పేరు అడిగింది అందుకే.

మనది ఆడపిల్ల శరీరం గురించి మాట్లాడటానికి సిగ్గుపడే సమాజమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పిల్ల పెద్దమనిషి అయితే పందిరి వేసి, ఫ్లెక్సీ కట్టి, భోజనాలు పెట్టి ఊరంతటికీ చెబుతాం. ఆమె శరీరం పెళ్లికి సిద్ధమవుతోందని చాటడానికి సిగ్గు అడ్డురాలేదు. ఆ పందిట్లో పీట మీద కూర్చున్న పిల్ల మనసు ఎటు వెళుతోందని అడగడమే మన అలవాటులో లేదు.

ఇది ఈనాటిది కాదు. నూటపాతికేళ్లకు ముందే విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యను అమ్మి చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. గురజాడ అప్పారావు ఆ లెక్కను తన 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో రాశాడు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు, అందులో అయిదేళ్ల వయసు పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ లెక్క చదివి సిగ్గుపడ్డ సమాజం చాలా దూరం వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఇంటర్ పూర్తయ్యేలోపు సంబంధం కుదిరిపోయే ఇంట్లో, 'నాకు ఎవరిష్టం' అన్న ప్రశ్నకు అమ్మాయి దగ్గర ఉండే వ్యవధి ఒకటి రెండేళ్లు. అబ్బాయిని ఇష్టపడ్డ పిల్లకే ఆ వ్యవధి చాలదు. అమ్మాయిని ఇష్టపడ్డ పిల్లకు అందులో సగం తనకేమవుతోందో తెలుసుకోవడానికే సరిపోతుంది.

'ఈ వయసులో ఇలాంటివి మామూలే, పోతాయి' అంటారు పెద్దలు. కొందరి విషయంలో పోవచ్చు కూడా. పదహారేళ్లకు కలిగిన ఇష్టం ముప్పై ఏళ్లకు అలాగే ఉండాలన్న నియమం లేదు, ఏ పిల్ల మీదా తొందరపడి ముద్ర వేయకూడదు. కానీ ఆ మాట చెప్పే పెద్దలు నిజంగా అది పోతుందని నమ్మితే ఊరికే ఉండాలి కదా. ఊరుకోరు. గది మారుస్తారు, ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, మేనమామ కొడుకు జాతకం బయటికి తీస్తారు. పోదన్న భయం వాళ్లకే ఉంది.

ఆ రోజు వచ్చిన తండ్రుల్లో ఒకాయన కోపంగా లేడు, బెదిరిపోయి ఉన్నాడు. "పిల్లకు గాలి సోకిందేమోనండి, తాయెత్తు కట్టించమంటారా, విశాఖలో డాక్టరుకు చూపించమంటారా?" అని అడిగాడు. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. సమాజపు విలువలకు తగ్గట్టు లేరన్న కారణంతో ఎవరినీ మానసిక రోగులుగా నిర్ణయించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మార్చేస్తానని చికిత్సకు దిగడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్లకు తెలిపింది. మీ పిల్లను నయం చేస్తానని డబ్బు అడిగే డాక్టరు ఎవరైనా సరే, తప్పు చేస్తున్నది ఆయనే, మీ పిల్ల కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను పరస్పర సమ్మతి ఉన్న వయోజనులకు వర్తించకుండా చేసింది. ఈ మనుషులకూ వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందు మల్హోత్రా ఆ తీర్పులో రాశారు. 2023 అక్టోబరులో వివాహ హక్కును మాత్రం అదే కోర్టు ఇవ్వలేదు. ఇవన్నీ పద్దెనిమిది నిండినవారి మాటలు. ఆ లోపు పిల్లల శరీరాలకు పోక్సో చట్టం కాపలా ఉంది, ఉండాలి. ఆ వయసు పిల్ల కోర్టుకు వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమూ రాకూడదు. ఆమెకు కావలసింది భయపెట్టకుండా వినే ఒక పెద్దమనిషి.

అలాంటి పెద్దమనిషి ఎలా తయారవుతాడో మద్రాసు హైకోర్టులో చూశాం. ఇంటి నుంచి వచ్చేసిన ఇద్దరు మధురై యువతుల కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయంలో తనకు అవగాహన లేదని ఒప్పుకుని, తీర్పు ఇవ్వబోయే ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 2021 జూన్ 7న ఇచ్చిన ఆదేశాల్లో పోలీసులకే కాదు, బడులకూ తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలన్నారు. ఒక న్యాయమూర్తి చేయగలిగిన పని మన వార్డెన్లు, మన లెక్చరర్లు ఎందుకు చేయకూడదు?

హాస్టళ్ల గురించి గట్టిగా అడగవలసింది అందుకే. కస్తూర్బా విద్యాలయాలు, సంక్షేమ గురుకులాలు, ప్రైవేటు కాలేజీల హాస్టళ్లు కలిపి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఆడపిల్లల కౌమారం ఇంటికి దూరంగా గడుస్తోంది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం, లైంగిక ఆరోగ్యం రెండూ ఉన్నాయి. నేను చూసినచోట అది ఐరన్ మాత్రల దగ్గరే ఆగిపోయింది. దొరికిన ఉత్తరం అందరి ముందూ చదవకూడదని, అమ్మాయి ఒప్పుకోకుండా ఇంట్లో చెప్పకూడదని వార్డెన్లకు ఎవరైనా నేర్పాలి. మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ అయినా ఫోను చేయవచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టలు గోడ మీదా ఉండాలి, అవతల ఫోను ఎత్తే మనిషి ఈ సంగతికి ఉలిక్కిపడకూడదు.

ఆ అమ్మాయి పబ్లిక్ పరీక్షలు ఆ కాలేజీలో రాయలేదు. ఇప్పుడు ముప్పై ఏళ్లకు దగ్గరగా ఉండాలి. గుమ్మం దగ్గర ఆమె నన్ను అడిగింది చాలా చిన్న ప్రశ్న. దీన్ని ప్రేమ అంటారమ్మా, లోపలికి వచ్చి కూర్చో, మీ నాన్నగారు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను అని నేను చెప్పి ఉండవలసింది.