‘ఒక్క సూది, జన్మంతా రక్ష’: ఈ మాట నిజం కాదు

బరంపురం నుంచి గుణుపురం దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశమిది: కణాల తలుపు మూసే యాంటీబాడీ సూది వచ్చింది, ఒక్కసారి వేయించుకుంటే జన్మలో హెచ్‌ఐవీ సోకదు, నిరోధ్‌తో పనిలేదు, రక్తపరీక్షలో యాంటీబాడీలు కనబడినవారికైతే ఆ సూది కూడా అక్కర్లేదు.

తలుపు మాట అబద్ధం కాదు. హెచ్‌ఐవీ తెల్లరక్తకణంలోకి దూరాలంటే ముందు కణం పైపొర మీద గొళ్లెంలా ఉండే సీడీ4 అనే గ్రాహకాన్ని, తర్వాత అలాంటివే అయిన సీసీఆర్5నో సీఎక్స్‌సీఆర్4నో పట్టుకోవాలి. సీసీఆర్5ను కప్పేసే లెరోన్లిమాబ్ అనే యాంటీబాడీని రెండు వారాలకోసారి ఎక్కువ మోతాదులో ఇచ్చిన కోతులకు వైరస్ సోకలేదని 2021లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ అది కోతులలో, అదీ రెండు వారాలకోసారి ఇస్తూ ఉంటేనే.

‘ఒక్కసారి’ అన్న మాట ఇక్కడే వీగిపోతుంది. యాంటీబాడీ ఒక మాంసకృత్తు. రక్తంలో రోజురోజుకూ తరిగిపోతుంది, తరిగాక తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. సీడీ4కు అతుక్కునే ఇబాలిజుమాబ్ అనే మరో యాంటీబాడీకి అమెరికాలో 2018లో అనుమతి లభించింది గాని, అది నివారణకు కాదు, ఇతర మందులకు లొంగని వైరస్ ఉన్నవారి చికిత్సకు; దాన్ని కూడా మొదట 2000 మిల్లీగ్రాములు, ఆపై రెండు వారాలకోసారి 800 చొప్పున నరంలోకి ఎక్కించాలి.

నిరోధ్ సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు: సీసీఆర్5ను మూసినా సీఎక్స్‌సీఆర్4 ద్వారా వచ్చే వైరస్‌కు అడ్డు ఉండదు, ఇతర సుఖవ్యాధుల మాట సరేసరి.

అసలు ప్రమాదం ఆ సందేశం చివరి మాటలో ఉంది: యాంటీబాడీలు కనబడినవారికి సూది అక్కర్లేదన్నది. సూరత్ మరమగ్గాల నుంచి సెలవుకు వచ్చిన ఒక కుర్రాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్న ల్యాబు చీటీని నా ముందు విప్పి, ‘హెచ్‌ఐవీ యాంటీబాడీలు: రియాక్టివ్’ అన్న వరుస మీద వేలుపెట్టి, “నాకు ముందే ఉన్నాయి కదా మాస్టారూ, మరి సూదెందుకు?” అని ఎంతో ధీమాగా అడిగాడు. పరీక్షలో కనబడేవి గ్రాహకాన్ని కప్పే యాంటీబాడీలు కావు. వైరస్ ఒంట్లోకి వచ్చాక దానిమీదికి శరీరం తయారుచేసుకున్నవి. పేరొకటే, పని వేరు. ఆ చీటీ చెప్పేది రక్షణ ఉందని కాదు, వైరస్ సోకి ఉండవచ్చనీ, వెంటనే నిర్ధారించుకోవాలనీ.

మర్నాడు అతన్ని ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రానికి తీసుకెళ్లాను. మూడు వేర్వేరు కిట్లతో చూసి నిర్ధారించాక ఏఆర్‌టీ (వైరస్‌ను అణచి ఉంచే) మాత్రలు ఉచితంగానే మొదలుపెట్టారు. సూరత్ వెళ్లినా అక్కడి కేంద్రంలో తీసుకునేలా బదిలీ కాగితం రాసిచ్చారు.