కాల్చని తుపాకీకే గిరాకీ

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ తుపాకులు సేకరించే పెద్దమనుషుల మీద లోకంలో ఒక అపవాదు ఉంది. వాళ్ళకు తుపాకులంటే ఇష్టమట. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. తుపాకీ మీద ఇష్టం ఉన్నవాడు దాన్ని పేలుస్తాడు, తోమి తళతళలాడిస్తాడు, అరిగిన స్ప్రింగు మారుస్తాడు. అసలు సిసలు సేకర్త చచ్చినా ఈ మూడు పాపాల్లో ఒక్కటీ చెయ్యడు.

చట్టం కూడా ఆయన పక్షమే. 1968 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం దృష్టిలో 1898లోనో, అంతకు ముందో తయారైనది తుపాకీయే కాదు, పురాతన వస్తువు. 1899 జనవరిలో అదే ఫ్యాక్టరీలో, అదే బల్ల మీద, అదే పనివాడు బిగించినది మాత్రం అచ్చమైన మారణాయుధం. ఆ ఒక్క రాత్రిలో ఇనుము స్వభావం ఎలా మారిందని అడక్కండి. క్యాలెండరు మారింది, చాలదా? (రాష్ట్రాల చట్టాలు ఎవరి దారి వాళ్ళవే. ఆ గొడవ లాయర్లకు వదిలేద్దాం.)

సేకర్త పనిలో ఉండగా చూడాలి. బల్ల మీద 1873 మోడల్ కోల్ట్ రివాల్వరు ఉంటుంది. ఆయన దాన్ని గురిపెట్టి చూడడు. జేబులోంచి భూతద్దం తీసి ముందు మరమేకుల తలలు చూస్తాడు. గాడి అంచు కాస్త చెదిరిందా, ఎవడో పాపాత్ముడు సరిపడని స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడన్నమాట. నిట్టూరుస్తాడు. తర్వాత ఫ్రేము మీద నంబరు, ట్రిగ్గరు గార్డు మీద నంబరు, పిడి వెనక పట్టీ మీద నంబరు ఒకటొకటిగా చదువుతాడు. జాతకాలు కలిస్తేనే మాటలు ముందుకు సాగుతాయి. ఆ పైన గోధుమరంగు తుప్పు. మన ఇంట్లో గడ్డపారకు పడితే అది తుప్పే. ఇక్కడ పడితే పటీనా, నూటయాభై ఏళ్ళ తపఃఫలం. తాతగారి కోల్టును ముద్దుగా స్టీలు పీచుతో రుద్ది వేలానికి తెచ్చిన మనవడికి అక్కడ దక్కేది సానుభూతి మాత్రమే.

ఇనుము తర్వాత కాగితం. ఈ నంబరు రివాల్వరు ఏ రోజున, ఏ దుకాణానికి, ఎంత పొడవు గొట్టంతో వెళ్ళిందో పాత రిజిస్టర్లు చూసి కోల్ట్ కంపెనీ రుసుము తీసుకుని ఉత్తరం రాసిస్తుంది. గొట్టం ఏడున్నర అంగుళాలని రిజిస్టరు చెప్పి, చేతిలో ఉన్నది అయిదున్నర అయితే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

అరుదుదనం లెక్క కూడా మామూలు బుర్రలకు అందదు. 1870ల్లో వించెస్టర్ కంపెనీ, పరీక్షలో బాగా గురి కుదిరిన గొట్టాలను ఏరి, ఆ రైఫిళ్ళ మీద ‘వెయ్యిలో ఒకటి’ అని చెక్కి వంద డాలర్లకు అమ్మింది. దాని కింది తరగతి ‘వందలో ఒకటి’. 1873 మోడల్లో మొత్తం తయారైనవి ఏడు లక్షల పైచిలుకు. వాటిలో వెయ్యిలో ఒకటనిపించుకున్నవి సుమారు 130. వందలో ఒకటనిపించుకున్నవి ఎనిమిది. అంటే వెయ్యిలో ఒకటి కంటే వందలో ఒకటి దొరకడమే కష్టం. ఈ గణితం అర్థమైనవాళ్ళు సేకర్తలవుతారు, తక్కినవాళ్ళు బ్యాంకులో డబ్బు దాచుకుంటారు.

1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వరు సంగతి ఇంకా ఘనం. రెండు కిలోల బరువు, తయారైనవి 1,100. మందు దట్టించి కాలిస్తే కొన్నిటి సిలిండర్లే పగిలిపోయాయి. శత్రువుకు ఎంత ప్రమాదమో సొంతదారుకూ అంతే ప్రమాదమన్నమాట. అలా పగిలినవి, పారేసినవి పోగా మిగిలినవి కొన్నే కనుక, పెట్టెతో సహా దొరికిన ఒకటి 2018లో 18 లక్షల డాలర్లు దాటి పలికింది. సరిగ్గా పనిచేసి ఉంటే ఇంత గౌరవం దక్కేదా?

ఇక పాట్ గారెట్ రివాల్వరు. 1881 జులై 14 రాత్రి న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో షెరీఫ్ గారెట్, పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్‌ను కాల్చి చంపింది దీంతోనే. ఆయన పైసా పెట్టి కొన్నది కాదు, బిల్లీ ముఠాలో ఒకడి దగ్గర గుంజుకున్నది. తర్వాత ఎల్ పాసోలో ఒక బారు యజమాని చేతికి వెళ్ళి అక్కడ ప్రదర్శనకు కూర్చుంది. గారెట్ పోయాక ఆయన భార్య కోర్టుకెక్కి గెలిచి ఇంటికి తెచ్చుకుంది. 2021 ఆగస్టులో బోనమ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. ఆ చీకటి గదిలో గారెట్ కాల్చింది రెండుసార్లు, తగిలింది ఒక్కటే. లెక్కన గుండుకు 30 లక్షలు. గురి తప్పినదానికీ అదే రేటు! ఇంకాస్త కంగారుపడి ఆరూ కాల్చి ఉంటే గుండు రేటు పది లక్షలకు పడిపోయేది. షెరీఫ్ పొదుపు మెచ్చుకోవాలి.

ఈ రంగానికి విగ్రహం పెట్టాల్సి వస్తే మాత్రం నా ఓటు బ్యాట్ మాస్టర్‌సన్‌కే. ఒకప్పటి షెరీఫ్, ముసలితనంలో న్యూయార్క్‌లో పత్రికా విలేకరి. నీ తుపాకీ అమ్మవయ్యా అని ఒకడు ప్రాణం తీస్తుంటే, తాకట్టు దుకాణంలో పాత కోల్ట్ కొని, చంపినవాళ్ళ లెక్కగా దాని పిడి మీద 22 గాట్లు పెట్టి అంటగట్టాడని చెప్పుకుంటారు. కొన్నవాడు పరమానందభరితుడయ్యాడట. నన్నడిగితే ఆ నకిలీకి నేడు అసలు కంటే ఎక్కువ ధర రావాలి. కాకపోతే, దాన్ని మోసం చేసే అమ్మానని మాస్టర్‌సన్ సంతకంతో ఒక కాగితం ఉండాలి.

ఆ కాగితం విలువ తెలియని మనిషి ఒకడున్నాడు. 2014 నవంబరులో నెవడాలోని గ్రేట్ బేసిన్ జాతీయ పార్కులో జునిపర్ చెట్టుకు ఆనించిన 1873 మోడల్ వించెస్టర్ కనబడింది. 1882లో తయారైంది. ఎండకూ మంచుకూ కట్టె పగుళ్ళిచ్చి, మడమ భాగం (భుజానికి ఆనించే చివర) మట్టిలో కూరుకుపోయింది. వయొమింగ్‌లోని కోడీ మ్యూజియం నిపుణులు దానికి ఎక్స్‌రే తీయించి, మడమలోని అరలో ఒక తూటా ఉందని కూడా కనిపెట్టారు. ఎవరిదో, ఎందుకు వదిలేశాడో మాత్రం ఏ యంత్రమూ చెప్పలేకపోయింది. లేడి వెనక పరుగెత్తాడో, దాహానికి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడో, మతిమరుపో. ఏదైనా కావచ్చు, మనిషన్నాక కష్టాలుంటాయి. కానీ చెట్టుకు ఆనించేముందు పేరు, ఊరు, తేదీ, కారణం రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి గొట్టంలో దోపి వెళ్ళడానికి ఏం రోగం?