‘లక్ష్మి’కి ఏడు సంకేతాలు: తెలుగు కంప్యూటర్‌కి అసలు మైలురాయి ఏది?

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు అరండల్‌పేటలోనో పాత డీటీపీ సెంటర్‌కి వెళ్లి, ఇరవయ్యేళ్ల కిందట సెట్ చేసిన పుస్తకం ఫైలు తెరిపించండి. అప్పటి ఫాంటు ఆ కంప్యూటర్లో ఉంటే పేజీ నిన్న కూర్చినట్టే కనిపిస్తుంది. లేదంటే ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగలిసిన గందరగోళం. ఫైలు చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. అందులో మొదటినుంచీ ఉన్నది అదే. తెలుగు బొమ్మలన్నీ ఫాంటులో ఉండేవి, ఫైలులో కాదు.

కంప్యూటర్ చరిత్ర చెప్పేవాళ్లు 1947లో ట్రాన్సిస్టర్, 1971లో ఇంటెల్ 4004 చిప్, 1981లో ఐబీఎం పీసీ అంటూ యంత్రాల వరసే అప్పజెబుతారు. మన భాష వరకు వస్తే ఆ పట్టికలో పెద్దగా పనికొచ్చేది లేదు. మనకు తగిలిన గోడ 1963 నాటి ఆస్కీ, అంటే అక్షరానికో అంకె ఇచ్చే అమెరికన్ పట్టిక. ఏడు బిట్లు, 128 స్థానాలు, అన్నీ ఇంగ్లిష్‌కే. ఎనిమిదో బిట్టు కలిపితే మరో 128 దొరుకుతాయి. తెలుగు కథంతా ఆ మిగిలిన జాగాలో ఎలా సర్దుకున్నామన్నదే.

సర్దుకోవడానికి రెండు దారులు కనిపించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరుతో ఖరారు చేసిన ఇస్కీ అనే భారతీయ లిపుల సంకేతాల పట్టిక ఒకటి. అక్షరానికి సంకేతం ఇవ్వాలి, ఆకారం సంగతి యంత్రం చూసుకోవాలి అన్నది దాని సూత్రం. ‘లక్ష్మి’ అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: మొత్తం ఏడు సంకేతాలు. వత్తు ఎక్కడ వేలాడాలి, గుడి ఎవరి నెత్తిన కూర్చోవాలి అన్నది టైపు చేసేవాడికి సంబంధం లేని విషయం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డును పీసీలో గుచ్చితే ఆ పని కార్డే చేసిపెట్టేది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన, ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టిక అయిన యూనికోడ్ మొదటి వెర్షన్ కూడా ఇస్కీకి 1988 నాటి పాత రూపంలోని వరసనే ఎత్తుకుంది. అందుకే నేటికీ దేవనాగరి ‘క’ సంకేతానికి 768 కలిపితే తెలుగు ‘క’ వస్తుంది. రెండు లిపుల వర్ణమాల ఇంచుమించు ఒకటేనన్న సంగతి ఆ కూడికలో దాగి ఉంది.

రెండో దారి ఫాంటు దారి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు లాంటి ముక్కలు పెట్టేసి, సీసపు అక్షరాలు పేర్చినట్టే తెరమీద పేర్చడం. అను ఫాంట్లు, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ జంట మన ప్రింటింగ్ రంగాన్ని ఏలింది ఇలాగే. దీన్ని అజ్ఞానమని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. చేతిలో శుభలేఖ ఆర్డరు, ముహూర్తం వారం రోజుల్లో. ట్రేసింగ్ కాగితం మీద అక్షరం అందంగా పడితే చాలు, దాని వెనక ఏ సంకేతం ఉందో అచ్చు ప్లేటుకి అక్కర్లేదు. అచ్చయ్యాక ఆ ఫైలును ఇంకొకరు వెతకాలనుకుంటారని, నెట్‌లో పెట్టాలనుకుంటారని అప్పుడు ఎవరూ లెక్క వేసుకోలేదు. దినపత్రికలూ తొలినాళ్లలో వెబ్‌సైట్లను సొంత ఫాంట్లతోనే నడిపాయి.

ఇంతకీ మైలురాయి ఏది? 1991 అని రాస్తుంటారు. నా లెక్కలో అది పునాది రాయే. సంకేతం కాగితం మీద ఖాయమైన రోజుకీ, ఆ సంకేతం తెరమీద వత్తులతో సహా కుదురుగా కూర్చున్న రోజుకీ మధ్య పదేళ్లు గడిచాయి. ‘క్రి’ తీసుకోండి. సంకేతాల వరసలో గుడి అందరికంటే చివర, కానీ రూపంలో అది పైన ‘క’ మీద ఉండాలి, ‘ర’ వత్తు కిందికి దిగాలి. ఈ సర్దుబాటు చేసే భాగం, దానికి తగ్గ గౌతమి ఫాంటు మామూలు పీసీలోకి 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చాయి. అదీ ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల విభాగానికి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, రీస్టార్ట్ చేస్తే తప్ప అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి, ఫాంటు ఉన్నా వత్తులు విడివిడిగా పొల్లులతో వేలాడేవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు చాలామందికి అది డబ్బాల వరుసలా కనిపించడానికి కారణం ఇదే.

అచ్చు రంగానికి ఇంకా పదేళ్లు పట్టింది. 2012లో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6తో, మన లిపుల వత్తులను సర్దే ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది చివర తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల నాటికి ఉచిత యూనికోడ్ ఫాంట్లు కూడా బయటికొచ్చాయి. ఇప్పటికీ ‘యూనికోడ్ పేస్ట్ చేస్తే వత్తులు చెదిరిపోతున్నాయి’ అనే ఫిర్యాదు వింటాం. చాలాసార్లు కారణం ఒక్కటే: పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కంపోజర్ మార్చకపోవడం. పేరా స్టైల్‌లోనే ఆ మార్పు పెట్టేస్తే పుస్తకమంతా సర్దుకుంటుంది.

లిపి సంక్లిష్టత పెద్ద కంపెనీలనూ వదల్లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక సంకేతాల వరుస వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనిపించని విడదీత సంకేతం, చివర దీర్ఘం. ఆ వరుసను పేర్చలేక ఐఓఎస్ 11.2.5 చేతులెత్తేసింది. 11.2.6తో సరిచేశారు. అదే విడదీత సంకేతం మనకు రోజూ కావాలి: అది లేకపోతే ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అవుతుంది.

ఇక పాత ఫైళ్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రచురణకర్తల దగ్గర హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో ఉన్న పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చుకోవడం సాధ్యమే. కాకపోతే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ అవే చోట్ల జరుగుతాయి. పేజ్‌మేకర్ నుంచి ఉత్త టెక్స్ట్‌గా తీయకండి, ఫాంటు వివరాలు నిలిపే ఆర్‌టీఎఫ్‌గా తీయండి. ఉత్త టెక్స్ట్‌లో ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. దాంతో పాత ఫాంటు సంకేతాలను యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్, మధ్యలో ఉన్న అసలైన ఇంగ్లిష్ మాటలను కూడా తెలుగనుకుని పిండి చేస్తుంది. మరో చిక్కు ఫాంటులోని 160, 173 స్థానాలది. మొదటిది విండోస్‌లో పంక్తి చివర విడిపోని ఖాళీ, రెండోది కనిపించని హైఫన్. ఫాంటు తయారు చేసినవారు అక్కడ ఏదైనా వత్తు పెట్టి ఉంటే, కాపీ పేస్ట్‌లో అది చప్పుడు లేకుండా మాయమవుతుంది. పుస్తకమంతా ఒకే వత్తు కనిపించకపోతే అనుమానం ఇక్కడే పెట్టుకోవాలి. మార్చాక ప్రూఫ్ చూసేవారు మ–వు, ప–ష, ఘ–ఝ జంటల మీద ముందు కన్నేయాలి, ముక్కలు పంచుకునే అక్షరాలు కాబట్టి. ఫైలు బదులు పుస్తకమే మిగిలితే 300 డీపీఐలో స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించడమే దారి. అక్కడా తికమక పెట్టేవి ఇలా పోలిక ఉన్న అక్షరాలే.

ఈ పనికి గడువు ఉంది. కొన్ని పాత తెలుగు సాఫ్ట్‌వేర్లకు హార్డ్‌వేర్ లాక్ ఉండేది, ప్రింటర్ పోర్టుకు తగిలిస్తేనే తెరుచుకునేవి. ఆ పోర్టు ఉన్న కంప్యూటర్లు ఇప్పుడు డీటీపీ సెంటర్లలో మూల పడ్డాయి, స్విచ్ వేస్తే లేస్తాయో లేదో తెలియని స్థితిలో. కొత్త పుస్తకం సెట్టింగ్‌కి ఇచ్చేవారు ప్రింట్ పీడీఎఫ్‌తో పాటు చివరి ప్రూఫ్ దిద్దుబాట్లన్నీ చేరిన యూనికోడ్ టెక్స్ట్ ఫైలు కూడా ఇవ్వాలని బేరం కుదిరేటప్పుడే అడగొచ్చు. పీడీఎఫ్ ఉంది కదా అనుకుంటే కుదరదు. అందులోంచి తెలుగు కాపీ చేస్తే చాలాసార్లు గుళ్లు, వత్తులు తారుమారై వస్తాయి.