విజేతకు వంద పాయింట్లే, కానీ లెక్క వేరు
ఈ వారం ఛాలెంజర్ 100 స్థాయి టెన్నిస్ టోర్నీ (ప్రధాన టూర్‌కు కింది మెట్టు, విజేతకు 100 ర్యాంకింగ్ పాయింట్లు) ఆడుతున్న ఒక ఆటగాడు, అది గెలిస్తే నేరుగా తొలి వంద ర్యాంకుల్లోకి వస్తాడని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఆ అంచనాలో, గత ఏడాది ఇదే వారంలో అతడు ఇదే స్థాయి టోర్నీలో ఫైనల్ చేరి సంపాదించిన 50 పాయింట్లు ఇప్పుడు తొలగిపోతాయన్న సంగతిని పరిగణనలోకి తీసుకున్నట్టు కనిపించడం లేదు. ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగులో పాయింట్లు 52 వారాలే నిలుస్తాయి కాబట్టి, ట్రోఫీ అందుకున్నా అతడికి నికరంగా కలిసేవి 50 మాత్రమే. క్వార్టర్ ఫైనల్లో ఓడితే చేతికొచ్చేవి 14, అంటే ర్యాంకు పెరగకపోగా దిగజారే ప్రమాదమే ఎక్కువ. తొలి రౌండ్ ఓటమి సంగతి చెప్పనక్కర్లేదు.

తొలి వందలోకి వచ్చినా మరో మెలిక ఉంది. గ్రాండ్‌స్లామ్ పురుషుల మెయిన్ డ్రాలో (ప్రధాన పోటీలో) ర్యాంకు ఆధారంగా నేరుగా చోటు దక్కేది 104 మందికి. ఆ జాబితా టోర్నీకి దాదాపు ఆరు వారాల ముందే ఖరారవుతుంది కనుక, గడువు దాటాక గెలిచిన టైటిల్ ఆ ఒక్క ప్రవేశానికి అక్కరకు రాదు.

వ్యాసంలోని 'చిన్న టోర్నీయే కదా' అన్న ధోరణి కూడా నాకు నచ్చలేదు. 2023లో ఎక్సాన్‌ప్రోవాన్స్ ఛాలెంజర్‌లో విజేతగా నిలిచింది మూడు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ల ఆండీ ముర్రే, ఫైనల్లో ఓడింది టామీ పాల్. అది ఛాలెంజర్లలో అన్నిటికన్నా పైదైన 175 స్థాయి పోటీ, నిజమే; అయినా కింది మెట్లలోనూ ఫామ్ వెతుక్కుంటున్న మాజీ అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎదురుపడుతూనే ఉంటారు. ఈ వారం అతడు సెమీస్ చేరితే నాకు అదే మంచి ఫలితం.