గుండె మందుకు జనరిక్ ఉందా? చెప్పాల్సింది డాక్టరే

మందుల తయారీకి హైదరాబాద్ పెట్టింది పేరు. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వెలిసిన నాటి నుంచీ అంతే. అదే నగరంలో గుండె జబ్బు మనిషి తాను నెలనెలా కొనే మాత్రకు చవకైన జనరిక్, అంటే అదే మందును వేరే కంపెనీలు తక్కువ ధరకు చేసేది, ఉందో లేదో తెలియక తిరుగుతున్నాడు. ఆ భారం అతని నెత్తిన వేయడం అన్యాయం.

గుండె బలహీనపడినవారికి ఇచ్చే సాకుబిట్రిల్-వాల్సార్టాన్ సంగతే చూడండి. నోవార్టిస్ దాన్ని వైమాడా పేరుతో అమ్ముతుంది. 2023 జనవరిలో ప్రధాన పేటెంటు గడువు తీరగానే దేశీయ కంపెనీలు అదే మందును తక్కువ ధరకు తెచ్చాయి. చీటీలో పాత బ్రాండు పేరే ఉంటే ఈ సంగతి రోగికి ఎలా తెలుస్తుంది? కోఠిలో మందుల షాపతనికి తెలిసినా లాభం లేదు. షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి) విషయంలో చీటీలో రాసినదానికి బదులు మరొకటి ఇవ్వకూడదని, అందులో ఉన్నది అదే మందైనా సరే, ఔషధ నిబంధనల్లోని 65వ నిబంధన చెబుతోంది. అంటే డాక్టరు ఏ పేరు రాస్తే రోగి ఆ ధర కట్టాల్సిందే.

జనరిక్‌ల నాణ్యత మీద డాక్టర్లకున్న అనుమానాన్ని కొట్టిపారేయలేం. జనరిక్ పేర్లే రాయాలన్న నిబంధనను జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చి, వైద్యుల అభ్యంతరాలతో అదే నెలలో పక్కన పెట్టింది. నాణ్యత మీద అనుమానం ఉంటే తనిఖీలు పెంచాలి. రోగికి మందు పేరు తెలియకుండా ఉంచితే నాణ్యత పెరగదు.

అలాగని పేరు కలిసింది కదా అని సొంతంగా మార్చుకోవడం ప్రమాదం. సాకుబిట్రిల్-వాల్సార్టాన్ మీదే ఒక కంపెనీ 100 ఎంజీ అని, మరొకటి రెండు మందులనూ విడగొట్టి 49/51 అని వేస్తుంది. రెండూ ఒకే మోతాదు, కానీ రోగి వేరనుకుని పొరబడవచ్చు. మెటోప్రొలాల్ అనే మరో గుండె మందులో మాత్రం సక్సినేట్ రకం వేరు, టార్ట్రేట్ రకం వేరు. ఒకటి లేదని రెండోది వేసుకోకూడదు. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ వంటివి ధర భరించలేక మధ్యలో ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు.

మాత్రల షీటు మీద బ్రాండుతో పాటు అసలు మందు పేరు, మోతాదు ఉంటాయి. ఆ పేరుతో జన ఔషధి సుగమ్ యాప్‌లో వెతికితే, చవకగా జనరిక్‌లు అమ్మే ప్రభుత్వ పథకం దుకాణాలైన జన ఔషధి కేంద్రాల్లో దాని ధర తెలుస్తుంది. దాన్ని డాక్టరుకు చూపించి, మారిస్తే ఫరవాలేదా అని అడగండి. ఆస్పత్రులు కూడా డిశ్చార్జి పత్రంలో ప్రతి బ్రాండు పక్కనా అసలు మందు పేరు, దానికి జనరిక్ ఉందో లేదో తప్పనిసరిగా రాయాలి. రాష్ట్ర ప్రభుత్వం ఇలా ఆదేశించి, ముందుగా తన ఆస్పత్రుల్లోనే అమలు చేయాలి.