పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పేర్లు నమ్మి నడవరాదు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని ఈ రాజధాని మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయడానికి కావలసినంత సరుకుంది. పేరేమో స్పెయిన్ రేవు. 1797లో ఇంగ్లీషువాళ్లు ఊరిని లాక్కున్నారు గానీ బోర్డు మార్చే ఓపిక వాళ్లకు లేకపోయింది. వీధుల్లో చాలాకాలం వినబడింది ఫ్రెంచి పాట్వా, అంటే ఫ్రెంచిలోంచి పుట్టిన కలగలుపు భాష. పొద్దున్నే జనం క్యూ కట్టి తినేది భోజ్‌పురి వంట. ఇలాంటి మోసాన్ని కారు అద్దంలోంచి విచారించడం కుదరదు. పేరుకీ వస్తువుకీ ఎంత దూరముందో కాళ్లతోనే కొలవాలి.

విచారణ పొద్దున ఎనిమిదింటికే మొదలుపెట్టండి, పదకొండు దాటితే ఎండ సాక్షులను బతకనివ్వదు. ఆదివారం వద్దు, దుకాణాలు మూసి ఉంటాయి. సైనికుల మచ్చల ప్యాంటు ఉంటే ఇంట్లోనే వదిలి రండి. ఆ డిజైను బట్టలు మామూలు జనం వేసుకోవడం అక్కడ చట్టరీత్యా నేరం. ఇది వ్యంగ్యం కాదు.

మొదటి ముద్దాయి సిటీ గేట్. చూస్తే రైల్వే స్టేషను, కానీ 1968లోనే ఆఖరి రైలు వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ మ్యాక్సీ టాక్సీలనే షేర్ మినీబస్సులు ఆగుతాయి. తూర్పుకు ఎర్ర చారల బండి, దక్షిణానికి ఆకుపచ్చది. ఆ పక్కనే ఇండిపెండెన్స్ స్క్వేర్. పేరుకు స్క్వేర్, నిజానికి రెండు రోడ్ల మధ్య తాడులా సాగిన నడవ. దానికి బ్రయన్ లారా పేరు పెట్టారు. ఇంత పొడవాటి చోటుకు 375 కొట్టినవాడి పేరు తగిందే, ఈ ఒక్కదాని మీద ఫిర్యాదు లేదు.

ఫ్రెడరిక్ స్ట్రీట్ మీదుగా ఉత్తరానికి నడిస్తే ఎడమచేతి పక్క వుడ్‌ఫర్డ్ స్క్వేర్ వస్తుంది. ఎరిక్ విలియమ్స్ చెట్ల కింద ఉపన్యాసాలిచ్చి దీన్ని విశ్వవిద్యాలయం అన్నాడు. ఫీజుల్లేవు, హాజరు పట్టీ లేదు, పైగా ఇక్కడ చదివించినాయనే ప్రధానమంత్రి అయ్యాడు. దాని పక్కనే పార్లమెంటు భవనం రెడ్ హౌస్. విక్టోరియా రాణి జూబిలీ కోసం 1897లో ఎర్ర రంగు పూస్తే ఆ పేరు అంటుకుంది. 1903లో నీళ్ల చట్టం మీద గొడవై జనం దాన్ని తగలబెట్టారు. నీటి పన్ను జోలికి వెళ్లే పాలకులకు ఈ కట్టడాన్ని కాలినడకన చూపించాలి. ఇక క్వీన్ స్ట్రీట్ పేరు ఈమధ్య మార్చారు. రాణిని మాత్రం తీసెయ్యలేదు, 1977 మిస్ యూనివర్స్ జానెల్ కమిషాంగ్‌ను ఆ గద్దె మీద కూర్చోబెట్టారు. జామా మసీదు ఉన్నదీ ఆ వీధిలోనే.

ఇప్పుడు అసలు నేరం, డబుల్స్. ఒక్కటి అడిగినా అది డబుల్సే. పసుపు కలిపిన మైదాతో అరచేయంత వేయించిన మెత్తటి 'బారా'లు రెండు, మధ్యలో ఉడికిన శనగలు, పైన చింతపండు చట్నీ, దోసకాయ తురుము, కొత్తిమీరకు పెద్దన్నలా వాసనొచ్చే షాడో బెని ఆకు. బారా అంటే మన వడే గానీ సముద్రం దాటేసరికి మినప్పప్పును మరిచిపోయింది. అమ్మేవాడు కాగితం రెండు కొసలూ పట్టుకుని గిర్రున ఒక్క తిప్పు తిప్పి చేతిలో పెడతాడు. అసలు ప్రమాదం ఇక్కడే. బన్నులా రెండు చేతులతో పట్టి కొరికితే శనగలు వెనకనుంచి జారి చొక్కా మీద పడతాయి. కాగితాన్ని అరచేతిలో పరిచి, పై బారాను తుంచి దాంతోనే శనగలు ఎత్తుకోవాలి. నిలబడి, కాస్త ముందుకు వంగి తినాలి. ఎన్ని కావాలో, కారమెంతో ఒకే ఊపిరిలో చెప్పాలి: "టూ విత్ స్లైట్". స్లైట్ అంటే కొద్దిగా. గుంటూరు పౌరుషం అడ్డొచ్చి 'ప్లెంటీ' అన్నవాళ్లను ఎవరూ ఆపరు, వెనకున్న క్యూ ఆసక్తిగా చూస్తుంది, అంతే. ఈ దీవి మొరూగా స్కార్పియన్ మిరపకు పుట్టిల్లని ఆ క్షణంలో గుర్తుకు రాదు.

ఊళ్లోని పెద్ద పార్కు పేరు క్వీన్స్ పార్క్ సవానా. సవానా అంటే గడ్డిమైదానం అనుకుని వెళ్తే ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాఫిక్ రౌండబౌట్ అని స్థానికులు గర్వంగా చెబుతారు. చుట్టు సుమారు మూడున్నర కిలోమీటర్లు. వాహనాలన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి కాబట్టి దాటేముందు ఒక్కవైపు చూస్తే చాలు. ఆ తర్వాత చెట్ల నీడన లోపలి బాట పట్టండి. పడమటి అంచున ఏడు భవనాలు వరసగా, ఒకదాన్నొకటి ఎరగనట్టు నిలబడ్డాయి. ఒకటి స్కాటిష్ కోట వేషం వేసింది, ఇంకొకటి మగపిల్లల బడి. చీకటి పడ్డాక మాత్రం ఇక్కడా, ఊరి నడిమధ్యా ఒంటరిగా తిరగొద్దు. దొంగలకు వ్యంగ్యం అర్థం కాదు.

సాయంత్రానికి పడమట సెయింట్ జేమ్స్ చేరితే ఢిల్లీ స్ట్రీట్, కలకత్తా స్ట్రీట్, లక్నో స్ట్రీట్. రైల్వే టైంటేబుల్ చదువుతున్నట్టుంటుంది. 1845 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో ఒప్పంద కూలికి వచ్చిన లక్షా నలభైవేలకు పైచిలుకు మంది వెనక వదిలిన ముద్ర ఇది. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. దిగాక ఇద్దరినీ 'మద్రాసీ' అన్నారు. మొహర్రంలో ఈ వీధుల్లోనే వెదురూ రంగు కాగితాలతో కట్టిన తాజియాలు (హుస్సేన్ సమాధి నమూనాలు) తాసా డప్పుల మధ్య కదులుతాయి. దాన్ని 'హోసే' అంటారు, అసలు మాట హుస్సేన్. ఊరేగింపులో షియాలకంటే హిందువులూ ఆఫ్రికన్ సంతతివాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పీర్ల పండుగకు గుండం చుట్టూ తిరిగినవాళ్లకు ఇందులో విచిత్రమేమీ కనబడదు.

కాళ్లు మొరాయిస్తే వెస్టర్న్ మెయిన్ రోడ్డు మీద చెయ్యెత్తితే రూట్ టాక్సీ, అంటే ఒకే దారిలో తిరిగే షేర్ కారు, ఆగుతుంది. పలకరించకుండా ఎక్కితే అక్కడ మొరటుతనం. చీకటి పడ్డాక పలకరింపు మాట 'గుడ్ నైట్'. దిగేటప్పుడు కాదు, ఎక్కుతూనే చెప్పాలి.